నెత్తి మీద సూదంటురాయి, మెడల పసుపుకొమ్ము

జర దగ్గరికి జరుగుండ్రి. కుర్చీలేమొద్దు, గీ చాప మీదనే కూసోండ్రి. కాళ్లు సాపుకుంటరో, ముడుసుకుంటరో, ఊపుకుంటరో మీ ఇష్టం. ఊపినా మా ఇంట్ల ఇప్పుడు ఎవ్వరు ఏమనరు. ఊపొద్దు అన్న మాట అననియ్యకుండ చేసుకునే వరకు నా పానం ఎంత తిప్పలు పడ్డదో అదే చెప్పబోతున్న. పెద్ద చదువులు చదివినదాన్ని కాదు, అయిదో తరగతిలనే నా బడి బందైంది. గాని జరిగింది జరిగినట్టు యాదికుంటది నాకు. ఎవరు ఏ మాటన్నరో, ఆ మాట అన్నప్పుడు వాళ్ల చేతుల ఏమున్నదో కూడ యాదికుంటది. కోపంతోని రాస్తున్న, ముందే చెప్తున్న. కోపం మీ మీద కాదు.

నా పేరు శరణమ్మ. అమ్మగారిది న్యాల్‌కల్ దిక్కు, చెలక దాటితే కర్ణాటకమే. నన్నిచ్చింది జహీరాబాద్‌ల. మా ఆయన పేరు సంగప్ప. రాస్తున్న గాని నోటితోని ఇప్పటికి అన. ఆయనది అల్లం వ్యాపారం. కోహీర్ చుట్టుపక్కల రైతుల దగ్గర అల్లం కొని, ఇంటెన్క రేకుల షెడ్డుల పోసి, మట్టి తీపిచ్చి, బస్తాలు కుట్టిచ్చి హైదరాబాద్ పంపుతడు. మట్టి తీసుడంటే కూసునే పని. గంప ముంగట పెట్టుకొని, మోకాళ్లు ముడుసుకొని, అల్లం కొమ్ముల సందు సందులకెల్లి వేళ్లతోని మట్టి రాల్చాలె. పొద్దుగూకేదాక లేవొద్దు. నా బాధంత ఆ కూసునుడు కాడనే బయటవడ్డది.

నొప్పి కాదది. నొప్పయితే చెప్పుకోవచ్చు, నూనె రాసుకోవచ్చు. పిక్కల లోపట, ఎముకకూ కండకూ నడుమ, సోడాబుడ్డిని గట్టిగ ఊపి మూత తియ్యకుండ పెట్టినట్టుంటది. కాలు కదిపితే ఆగుతది, కదుపుడు ఆపితే మల్ల మొదలు. పొద్దుగాల్ల ఏముండది, ఎంత దూరమన్న నడుస్త. పొద్దు వాలినంక జర కూసుంటే, జర నడుం వాలిస్తే, అప్పుడు వస్తది దానికి బలం. మనకు ఆరామ్ దొరికే యాళ్లనే చూసి పట్టుకుంటది, గంత పాడు రోగం.

మా అమ్మకు గూడ ఉండె. ఆమె కన్నడంల కాలు సెళెత అంటుండె, కాళ్లు గుంజుడన్నట్టు. అన్నాలు తిన్నంక అందరు పండుకుంటే ఆమె వాకిట్ల అటు ఇటు తిరుగుతుండె. గాలి సోకిందన్నరు. మా నాయనమ్మ పాత చీరె పేలికలతోని ఆమె కాళ్లను మంచపు కోళ్లకు కట్టేది. కట్టినంక అమ్మ ఏడ్వకపోయేది, పళ్లు కొరికేది. ఆ పళ్ల సప్పుడు నా చెవులల్ల ఇప్పటికుంది. దానికొక పేరుంటదని, మందుంటదని ఎరుక లేకుండనే పాయె మా అమ్మ. నా కోపానికి మొదలు అదే.

నాకు చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు జర జర ఉండె, కాన్పయినంక పోయింది. మల్ల నడీడు వచ్చినంక తిరిగొచ్చింది, ఈసారి పోలే. షెడ్డుల కూసున్నప్పుడు మోకాళ్లు ఊపుతుంటి. ఊపితేనే కూసుంట, లేకుంటే లేస్త. మా అత్తమ్మ గంగవ్వ చూస్తుండె. ఆమె దగ్గర ఒకటే మాట. “కాళ్లూపితే ఇంట్లకెల్లి లచ్చిమి లేసిపోతదే, ఊపకు.” మొదలు మెల్లగ అన్నది, తర్వాత నలుగుర్ల అన్నది. ఆ ఏడు వానలు ఆగకుండ కొట్టి గడ్డ కుళ్లు రోగం వచ్చింది, అల్లమంత మడులల్లనే మెత్తబడ్డది. కోహీర్‌ల ఎవ్వరికి పంట రాలే. గాని మా ఇంట్ల మాత్రం అది నా మోకాళ్ల తోని వచ్చిందన్నరు. ఊరంత కుళ్లింది గద అత్తమ్మా, అందరిండ్లల్ల నేనే పోయి ఊపిన్నా అని అడిగిన. కోడలు నోరు లేపింది అన్నది ఆమె. అల్లం ముచ్చట పోయి నోరు ముచ్చటయింది.

ఇగ దవాఖానలు. ఒక డాక్టరు వయసన్నడు. ఒకాయన నరాల బలహీనత అని ఎర్ర టానిక్ రాసిచ్చిండు. ఒకామె నా మొకం గూడ చూడకుండ, ఆడోళ్లకు టెన్షన్‌తోని గిట్లనే ఉంటదమ్మా, ఇంట్ల ఎక్కువ ఆలోచించకు అన్నది. ఇంట్ల ఆలోచించకపోతే ఎవరొచ్చి వండుతరు? గా దవాఖానలల్ల కుర్చీల వరుస ఉంటది చూడుండ్రి, అందరు కూసుంటే నేనొక్కదాన్నే గోడకు ఆనుకొని నిలబడేది, కాలు మార్చి కాలు. వాచ్‌మెన్ వచ్చి, అమ్మా కూసో, నడవొద్దు అంటడు. కూసునేటట్టుంటే ఈడికెందుకొస్త బిడ్డా అంటే, నవ్వుతడు. నవ్వే ముచ్చటనా అది?

మా ఆయన చెడ్డోడు కాదు. తాగడు, కొట్టడు. గాని ఆయనకొక అలవాటుండె. తల్లి మాట్లాడుతుంటే తలకాయ కిందికేస్తడు, నేను మాట్లాడుతుంటే గోడ దిక్కు చూస్తడు. అటు తల్లిని అనడు, ఇటు నన్ను అనడు. మంచోడు అని పేరొచ్చింది గట్లనే.

ఎండకాలం మొదలైనప్పుడు, సంగారెడ్డిల సుట్టాలింట్ల సావుంటే పోయి వస్తున్న. మాపటి బస్సు, సగం సీట్లు ఖాళీ. నేను రాడ్ పట్టుకొని నిలబడ్డ. నా ముంగట ఇంకొకామె గట్లనే నిలబడ్డది, మంచి చీరె, చేతుల సంచి. కండక్టరు రెండు సార్లు చూసి చూసి అన్నడు, “సీట్లన్ని పెట్టుకొని ఇద్దరు నిలబడ్డరు, ఏమన్న మొక్కున్నదా?” నేను సిగ్గుతోని బయటికి చూసిన. ఆమె నా కాళ్ల దిక్కు చూసింది. నేను మడమ లేపుతున్న దించుతున్న, లేపుతున్న దించుతున్న. ఆమె కూడ గదే చేస్తున్నది.

“మీకూనాండీ?” అన్నది.

ఆ ఒక్క మాటకు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పటిదాక ప్రపంచంల మా అమ్మకు, నాకు, ఇద్దరికే ఉన్నదనుకున్న. ఆమె పేరు వరలక్ష్మి, భీమవరం దిక్కు వాళ్లు. ఆమె భర్త ఇక్కడ ఫ్యాక్టరీల ఇంజినీరు. చిరాగ్‌పల్లి పోయే రోడ్డుల ఇల్లు. ఆమె చెప్పింది, “దీనికో పేరుందండీ, కాళ్లు కుదురుగా ఉండనివ్వని జబ్బని. నరాల డాక్టరుకి చూపించాలి. టెన్షన్ అంటే నమ్మకండి, నాకూ అదే చెప్పారు నాలుగేళ్లు.” జహీరాబాద్ వచ్చేదాక ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నం. బస్సు దిగంగ కండక్టరు అన్నడు, మొక్కు తీరిందా అమ్మా అని. తీరింది నాయనా అన్న.

ఆమె చెప్పిన హైదరాబాద్ డాక్టరు దగ్గరికి పోయిన. ఆయన మొదలు నన్ను అడిగిన మాట ఏందో తెల్సా? మీ అమ్మకుండెనా అని. ఎవ్వరు అడగలే ఆ మాట ఇన్నేండ్లల్ల. రక్తం చూసి ఇనుము తక్కువున్నదన్నడు, దానికి మందిచ్చిండు. కాళ్లకు ఒక చిన్న గోలి ఇచ్చిండు. ఆ గోలి వేసుకున్న మొదటి వారం, నేను షెడ్డుల కూసొని గంపెడు అల్లం తీసిన, మోకాలు కదపలే. రాత్రి పండుకుంటే పొద్దుగాల్లనే లేసిన. చిన్నోడు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిండట, ఊపిరున్నదా లేదా అని. గంత నిద్ర వాడు ఎన్నడు చూడలే నాది.

గాని అది ఎక్కువ దినాలు నడువలే. వానలు మొదలయ్యేసరికి పొద్దుగూకినంక వచ్చేది పొద్దు తిరగంగనే రావట్టె. కాళ్లల్లనే ఉండేది చేతులల్లకు పాకింది. డాక్టరు చెప్పిండు, ఈ గోలితోని కొందరికి గిట్లయితది, రోగం ముందుకు జరుగుతది, మెల్లగ తగ్గియ్యాలె అని. తగ్గిస్తున్న దినాలు నేను ఎట్ల గడిపిన్నో మీకు చెప్ప. చెప్తే మీరు గూడ నిద్రపోరు.

అప్పుడు చెప్పిండు ఆయన ఈ కొత్త ముచ్చట. నెత్తి మీద సూదంటురాయి అసుంటిది పెడతరు, కోత లేదు, సూది లేదు, మత్తు లేదు, అది పైకెల్లి లోపటి నరాలను తట్టుతది అని. నాకు మంచిగనిపిచ్చిన మాట ఒకటన్నడు. “గ్యారంటీ ఇయ్యనమ్మా. వేరే జబ్బులకు చాలా రోజుల నుంచి చేస్తున్నరు గాని, ఈ జబ్బుకు ఇంకా కొత్త. కొందరికి పనిచేసింది, కొందరికి చెయ్యలే. చేసినా కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు.” ఇన్నేండ్లల్ల తెల్వదు అని చెప్పిన మొదటి డాక్టరు ఆయనే. అందుకే నమ్మిన.

ఇంట్ల చెప్తే ఏమైతదో మీరే అనుకోండ్రి. నెత్తికి కరెంటు పెడతరట అని అత్తమ్మ ఏడ్సింది. పిచ్చోళ్లకు పెట్టేది గద అన్నది. కరెంటు షాకు కాదు అత్తమ్మా అంటే ఇనదు. పైంగ ఆ మిషన్ ఉన్న దవాఖాన బోర్డు మీద మానసిక వైద్యం అని ఇంతింత అక్షరాలు. మా గల్లీల ఒకామె ఆ దిక్కు పోయి చూసొచ్చిందట, శరణమ్మకు తల తిరిగింది అని నలుగుర్ల అన్నది. తల తిరగలే, కాళ్లు తిరుగుతున్నయి అని నేనే పోయి ఆమె ఇంటి ముంగట చెప్పొచ్చిన.

మొదటి దినం మా ఆయన తోడొచ్చిండు. మిషన్ నడిపే పిల్ల మంచిగ మాట్లాడింది. అమ్మా, మెడల, చెవులల్ల, ముక్కుల ఉన్నయన్ని తీసెయ్యాలె, జడల పిన్నులు కూడ అన్నది. కమ్మలు తీసిన. ముక్కుపుల్ల పెండ్లికి ముందు బిగిచ్చింది, ఎన్నడు తియ్యలే, ఆ పిల్లనే సబ్బు నీళ్లు పెట్టి పెట్టి తిప్పి తీసింది. ఇగ పుస్తెలు. మా ఆయన మొకం తెల్లగయింది.

“పుస్తెలు గూడనా?” అన్నడు.

“మెడ నుంచి పైకి ఏదున్నా తీయాలి సార్, మెషీన్ దగ్గర లోహం ఉండొద్దు,” అన్నది ఆ పిల్ల.

ఆయన బయటికి పోయిండు. భయపడి పోయిండనుకున్న. కాదు, తల్లికి ఫోన్ చేసిండు. తర్వాత ఆడ దగ్గరున్న కిరాణ దుకాణంకెల్లి పసుపుకొమ్ము, తెల్లదారం తెచ్చి, దారానికి పసుపు రుద్ది, నా మెడల కట్టిండు. మా దిక్కు ఆచారం అది, పుస్తెలు తీసినప్పుడు మెడ ఉత్తగుండొద్దు. అప్పుడు నాకు ఆయన మీద ప్రేమే, పావురమే అనిపిచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలె. ఆ పెద్దూర్ల బంగారం మెడల ఏసుకొని బస్సులల్ల తిరుగుడెందుకని, ఆ దినంకెల్లి పుస్తెలు ఇంట్ల దేవుని అర్రల పెట్టి, కొమ్ముతోనే పోయొస్తుంటి.

ఆ మిషన్ ఎట్లుంటదంటే, రెండు జొన్నరొట్టెలు పక్కపక్కన అతికిచ్చినట్టు నల్లటి బిళ్ల, దానికి దొడ్డు వైరు. చెవులల్ల దూది పెట్టిన్రు. మాడు మీద ఆ బిళ్ల పెట్టి ఒక్క దెబ్బ కొట్టిన్రు, టక్కుమని. ఏం కాలే. జర జరిపి మల్ల కొట్టిన్రు. ఏం కాలే. మూడో జాగల కొట్టంగనే నా కుడికాలు బొటనవేలు లేసి పడ్డది. నేను లేపలే. ఒట్టు, నేను లేపలే. మల్ల కొట్టిన్రు, మల్ల లేసింది. పక్క వేలి మెట్టె కూడ లేసి పడ్డది దానితోని. మా ఆయన తలుపు కాడ నిలబడ్డడు, వంగి చూసిండు. ఇంకొకసారి కొట్టుండ్రి అన్నడు ఆ పిల్లతోని. మల్ల లేసింది.

ఆ పిల్ల అన్నది, కాలుకు సంబంధించిన జాగ ఇక్కడున్నది సార్, ఆమె ఏం చేస్తలేదు అని. నేను ఆయన దిక్కు చూసిన. చూసినవా, నేను కావాలని ఊపుతలేను అన్న. ఆయన తలకాయ ఊపిండు. ఆ గడియ బరువు దిగినట్టు నాకెంత హల్కగయిందో. ఇన్నేండ్ల మాటకు ఒక సాక్షి దొరికిండు అనుకున్న. సాక్షి నోరు తెరిస్తేనే సాక్షి అని అప్పుడు యాదికి రాలే.

తర్వాత దినాం పోయొచ్చిన, ఆదివారాలు తప్ప. పొద్దుగాల్ల బస్సుకు పోవుడు, మాపటికి తిరిగొచ్చుడు. వడ్రంగిపిట్ట మాను పొడిసినట్టు మాడు మీద టకటక టకటక. మొదలు తలకాయ నొచ్చింది, తర్వాత అలవాటయింది. వెయిటింగ్ హాల్‌ల మగోళ్లు వరుసగ కూసుండేది, పెండ్లాల బంగారం దస్తీలల్ల మూటగట్టి ఒడిల పెట్టుకొని. ఎవ్వరు మాట్లాడుకోకపోయేది. వరలక్ష్మి గారు ఒకటి రెండు సార్లు తోడొచ్చి, కారంబూంది డబ్బా నా చేతుల పెట్టి పోయింది. రెండో వారం నడుస్తుండంగ ఒక మాపు బస్సుల సీటు మీద కూసున్న. పటాన్‌చెరు కాడ కూసున్నదాన్ని జహీరాబాద్‌ల లేసిన. కాళ్లు ఆడనే ఉన్నయి, మంచి పిల్లలోలె.

గంతల వచ్చింది గండం. మా ఆయన బండి మీద వస్తుంటె, చిరాగ్‌పల్లి కాడ రోడ్డు మీద ఇసుక పోసుంటె జారిపడ్డడు. చెయ్యి మణికట్టు కాడ చిట్లింది, మోకాలు గీరుకపోయింది. అంతకంటె ఏం కాలే, దేవుని దయ. గాని మా ఇంట్ల అది ఇసుక తోని పడ్డది కాలే. నేను గడప లోపట కాలు పెట్టంగనే అత్తమ్మ అన్నది, “మెడల కెల్లి తీసేస్తివి. ఇగ నా కొడుకును పాడె ఎక్కిచ్చెదాక ఆగవా?” ఆమె చేతుల పుస్తెలున్నయి, నా పుస్తెలు.

నాకు భయం కాలే అంటే అబద్ధం. నేను గూడ ఈ దిక్కు పుట్టి పెరిగినదాన్నే. ఆయన దిక్కు చూసిన, నువ్వన్న చెప్పు, ఇసుక మీద జారినవని చెప్పు, నువ్వు చూసిన ఆ వేలు ముచ్చట చెప్పు అని. ఆయన తలకాయ కిందికేసిండు.

తెల్లారి మా ఇంటి దేవుడు వీరభద్రుని గుడికి తీస్కపోయిన్రు. పీటల మీద కూసోబెట్టిన్రు. అభిషేకం చేసిన్రు. ఆయన ఒంటి చేత్తోని నా మెడల మల్ల పుస్తెలేసిండు, ఇంకో చెయ్యి కట్టుల ఉండె. నాతోని అనిపిచ్చిన్రు, మల్ల తియ్యను అని. అన్న. దేవుని ముంగట అన్న.

ఇప్పుడు ఇనుండ్రి, నాకు ఎక్కువ మంట ఎక్కడున్నదో. ఆ పూజ ఎంతసేపయింది తెల్సా? పూజ చేసే జంగమయ్య ఏ మంత్రం విడువలే, అన్ని చదివిండు. అంతసేపు నేను పీట మీద బాసింపట్టు వేసుకొని కూసున్న. కదలలే. ఒక్కసారి లేవలే. మిషన్ పని చేస్తున్నది నా లోపట, సగంల ఆపినా గూడ పని చేస్తున్నది. చుట్టాలు మెల్లగ గుసగుసలాడిన్రు. చూడుండ్రి, పుస్తెలు మెడల పడంగనే కాళ్లు ఆగినయి అని. అత్తమ్మ దండం పెట్టుకొని ఏడ్సింది. దేవుని మహిమ అన్నది. అందరన్నరు. మా ఆయన గూడ అన్నడు. ఆ మిషన్ దగ్గర వంగి వంగి చూసి, ఇంకోసారి కొట్టుండ్రి అన్న మనిషి.

నా బాగుపాటును నా చేతులల్ల కెల్లి గుంజుకొని ఇంకోల పేరు పెట్టిన్రు. పేరు పెడితే పెట్టనియ్, దవాఖానకు పోనిస్తే చాలు అనుకున్న. పోనియ్యలే. దేవుడే బాగుచేసినంక దవాఖానెందుకన్నరు.

కొన్ని వారాలు మంచిగనే ఉండె. తర్వాత, డాక్టరు ముందే చెప్పినట్టు, మెల్లగ తిరిగొచ్చింది. సగంల ఆపినందుకే తొందరగొచ్చింది అనిపిచ్చింది నాకు, ఆయనైతే గట్ల ఖచ్చితంగ చెప్పలే. మల్ల షెడ్డుల మోకాళ్లు, మల్ల వాకిట్ల నడుసుడు. అప్పుడేమన్నరో తెల్సా? నమ్మకం తక్కువైందట నాకు. మనసు శుభ్రంగ లేదట. మంచిగైతే దేవునిది, తిరగబడితే నాది.

ఒక మాపు అత్తమ్మ పాత చీరె పేలికలు చింపుతున్నది. ఏంటికి అని అడిగిన. నీ మంచిగోరే, కాళ్లు జర కట్టుకుంటె నిద్ర పడ్తదేమో అన్నది. ఆమె గొంతుల కోపం లేదు, పావురంతోనే అన్నది. ఆ చింపే సప్పుడుల నాకు మా అమ్మ పళ్లు ఇనవడ్డయి. ఆ పేలికలు తీస్కపోయి పొయ్యిల పెట్టిన. ఆ దినమే అనుకున్న, పోత అని. ఎవరు చెప్పినా పోత.

దసరా నాడు ఇంట్ల అందరున్నరు, చుట్టాలు, పిల్లలు. మాపటికి జమ్మి తెచ్చి ఒకరి చేతుల ఒకరు పెట్టి పెద్దోళ్ల కాళ్లకు మొక్కుతున్నరు. నా వంతొచ్చింది. అత్తమ్మకు జమ్మి పెట్టి మొక్కిన. మా ఆయన ముంగటికి పోయిన. ఆయన కుడి చెయ్యి చాపిండు. జమ్మి ఆకు పెట్టిన. తర్వాత మెడల కెల్లి పుస్తెలు తీసి, ఆ ఆకు మీద పెట్టిన.



“ఏం చేస్తున్నవే?” అన్నది అత్తమ్మ. “దేవుని ముంగట అన్న మాటేమాయె?”

“ఆ దినం నేనెందుకు కదలకుండ కూసున్ననో దేవునికి ఎరుకే అత్తమ్మా. మీకే ఎరుక లేదు. మీ కొడుకు ఆయుష్షు నా మెడల ఉన్నదంటున్నరు గద, తీస్కోండ్రి, ఆయన చేతులనే పెట్టిన, ఆయనే కాపాడుకుంటడు. నా కాళ్లను నేను కాపాడుకుంట. రేపట్నుంచి దవాఖానకు పోత.”

మా ఆయన చెయ్యి అట్లనే చాపి ఉన్నది. తలకాయ కిందికి పోతున్నది, అలవాటు గద. నేను అన్న, “తల దించకు. నువ్వు చూసినవా లేదా, అదొక్కటి చెప్పు.”

గాయన నన్ను చూడలే, గోడ దిక్కు చూడలే. తల్లి దిక్కు చూసిండు.

“అమ్మా, నేను చూసిన. ఆమె కాలివేలు దానంతటదే లేసింది. శరణ కదపలే. నేను దగ్గరుండి మల్ల మల్ల కొట్టిచ్చి చూసిన. ఇన్నేండ్లు ఆమె కావాలని ఊపలే అమ్మా. నేను పడ్డది ఇసుక మీద.”

“మరి నాకెందుకు చెప్పలేదురా?” అన్నది అత్తమ్మ.

దానికి జవాబు నా దగ్గరున్నది గాని నేను ఇయ్యలే.

అత్తమ్మ లేసి లోపటికి పోయింది. ఇగ తలుపేసుకొని ఏడుస్తదనుకున్న. కాదు, పసుపుకొమ్ము, దారం తెచ్చింది. “పాతది పురుగు పట్టుంటది. ఇది కట్టుకొని పో,” అని నా చేతుల పెట్టింది. మెడ ఉత్తగ ఉండొద్దు అన్నది, అంతే.

మీరిప్పుడు అత్త మారింది అని నవ్వుతున్నరు, నాకు ఇక్కడికెల్లే కనవడ్తున్నది. నాకు ఆ దినం నవ్వు రాలే. ఒక్క మాట, గంతే గద. చూసింది చూసినట్టు చెప్పుడు. ఆ ఒక్క మాట ఆయన గుడి కంటె ముందు చెప్తే, నా వైద్యం సగంల ఆగకపోవు. మా నాయన మా అమ్మ గురించి ఒక్కసారి చెప్తే, ఆమె కాళ్లు మంచానికి కట్టకపోవుదురు. సూదంటురాయి గాదు పెద్ద మందు, ఇంట్ల మగోడు నోరు విప్పుడు. అది ఏ దవాఖానల దొరకది.

మల్ల మొదటికెల్లి మొదలుపెట్టిన్రు డాక్టరు. ఈసారి అన్ని పూర్తి చేసిన. మా ఆయన వచ్చినప్పుడల్ల ఆ మగోళ్ల వరుసల కూసునేది. గాని దస్తీల మూటగట్టి పట్టుకోలే, అంగీ జేబుల పెట్టుకునేది పుస్తెలు, గుండె మీద. ఒక దినం పక్క కుర్చీలాయన అడిగిండట, మీ మిసెస్‌కు ఏమైందన్నా, మైండా అని. కాదు, కాళ్లు, తల్లి దిక్కుకెల్లి వచ్చింది, ఆమె తప్పేం లేదు అన్నడట. నాకు మిషన్ నడిపే పిల్ల చెప్పింది. ఆయన చెప్పలే.

ఇప్పుడెట్లున్నది అంటే, పూర్తిగ పోయింది అని మీకు అబద్ధం చెప్ప. ఇనుము మందు నడుస్తున్నది. మాపటికి షెడ్డుల కూసుంట, గంప నిండెదాక లేవ. ఒక్కొక్క దినం జర లోపట కదిలినట్టయితది, లేసి ఒక చుట్టు తిరిగి వచ్చి కూసుంట. కొన్ని నెలలకు మల్ల గట్టిగ రావచ్చన్నడు డాక్టరు, వస్తే మల్ల పోవాలె. పోత. వరలక్ష్మి గారికి ఆ మిషన్ అంత పనిచెయ్యలే, ఆమెకు వేరే మందు కుదిరింది. అందరికి ఒకటే కాదు, అది గూడ ఎరుకుండాలె. ముక్కుపుల్ల మాత్రం మల్ల పెట్టుకోలే. మాటిమాటికి తీసుడెందుకని డబ్బాల పెట్టిన. రంధ్రం పూడుతున్నదే అంటది అత్తమ్మ. పూడనియ్ అంట.

మీ ఇంట్ల కూసున్నచోట కూసోనిది ఎవరన్న ఉంటె, కోడలైనా, అత్తయినా, సదువుకునే పిల్లయినా, దరిద్రం అని అనకుండ్రి, కట్టకుండ్రి. పక్కన కూసొని, లోపట ఎట్లనిపిస్తున్నదే అని అడుగుండ్రి. మీ అమ్మకుండెనా అని అడుగుండ్రి. తర్వాత నరాల డాక్టరు దగ్గరికి తోల్కపోండ్రి.

ఇగ లేవుండ్రి, పొద్దుగూకింది, మీ పొయ్యిలు చల్లగయితున్నయి. మీ ఇంట్ల జొన్నలు పుచ్చకుండ, అల్లం కుళ్లకుండ, పిల్లల పానాలు చల్లగుండాలె. మీ ఇంటి ఆడోళ్ల కాళ్లు పొద్దంత తిరిగి తిరిగి, మాపటికి ఎవ్వరూ కట్టకుండ, వాటంతట అవే ఆగాలె. మీ ఇంటి మగోళ్ల నోళ్లు, ఎప్పుడు విప్పాల్నో అప్పుడే విప్పాలె. పోయి రాండ్రి, సల్లగుండుండ్రి.